సిమిలిగుడ చలికే మొరాయించే బండి కార్గిల్‌లో నడవాలంటే

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: మీది ఒడిశాలో కొరాపుట్ దగ్గరి జైపూర్. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్ ఉంది. సిమిలిగుడలో కూరగాయలు ఎత్తుకుని సాలూరు ఘాట్ దిగుతుంటావు. డిసెంబరు నుంచి తెల్లవారుజామున బండి సరిగ్గా స్టార్ట్ కావట్లేదు. ఇప్పుడు రోడ్డు పనుల కాంట్రాక్టరు ఒకాయన వచ్చే నవంబరు నుంచి బండిని కార్గిల్ వైపు అద్దెకు అడుగుతున్నాడు. ఇక్కడ ఐదారు డిగ్రీలకే ఇలా ఉంటే అక్కడ మైనస్ 20లో ఏం చేయాలి, డీజిల్‌లో కిరోసిన్ కలిపితే సరిపోతుందని తోటి డ్రైవర్లు అంటున్నారు, నిజమేనా అని నీ ప్రశ్న.

నేను సిమిలిగుడ రోడ్డు మీద డీజిల్ బళ్ల షెడ్డు నడిపి ముప్పై ఏళ్లు కావస్తోంది. అంతకుముందు రెండు చలికాలాలు కార్గిల్, ద్రాస్ మధ్య టిప్పర్ తోలాను. కాబట్టి రెండు చలులూ నాకు తెలుసు. కిరోసిన్ మాట కిందకి వెళ్లాక చెప్తాను. ముందు నీ బండికి ఇక్కడ వచ్చిన జబ్బేమిటో తేల్చుకోవాలి. దాన్ని ఇక్కడే నయం చేసుకోకుండా కొండెక్కితే అక్కడ ఇంకెవరూ నయం చేయలేరు.

చలికి బండి స్టార్ట్ కాలేదని నా దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ నేను అడిగేది ఒక్కటే: సెల్ఫ్ కొట్టినప్పుడు ఏం వినపడింది, పొగ గొట్టంలోంచి ఏం కనపడింది? సెల్ఫ్ నీరసంగా, మూలుగుతున్నట్టు తిరిగితే అది బ్యాటరీ సంగతి, లేదా ఇంజన్ ఆయిల్ సంగతి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, తెల్లపొగ వస్తోంది, ఇంజన్ మాత్రం అందుకోవట్లేదంటే డీజిల్ సిలిండర్లోకి చేరుతోంది కానీ మండటానికి వేడి చాలట్లేదు. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, పొగే లేదంటే డీజిల్ చేరట్లేదు. స్టార్ట్ అయి రెండు మూడు నిమిషాలు నడిచి, గొంతు పట్టేసినట్టు దమ్ము తగ్గి ఆగిపోతే ఫిల్టరు మూసుకుపోయింది. ఈ నాలుగూ నాలుగు వేరు వేరు జబ్బులు. అన్నిటికీ ఒకే మందు పోస్తారు కాబట్టే మనవాళ్ల బళ్లు పాడవుతున్నాయి.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదని నీకు తెలుసు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుకు రెండువందల డిగ్రీలు దాటాలి. పొద్దున్న లోపలికి వచ్చే గాలి చల్లన, సిలిండర్ గోడలు చల్లన, పుట్టిన వేడిని ఆ ఇనుమే తాగేస్తుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే అదిమిన గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడి ఇంకా తగ్గుతుంది. అందుకే ఒక్క బ్యాటరీ నీరసపడితే చూసేవాడికి అన్నీ పాడయినట్టు కనిపిస్తాయి.

నీ బండి గురించి నువ్వు రాసిన దాంట్లో ఒక మాట నాకు పట్టుకుంది. "చాలాసేపు కొడితే తెల్లపొగ వదిలి అందుకుంటుంది, తర్వాత రోజంతా బాగానే ఉంటుంది" అన్నావు. నా అంచనా హీటర్ ప్లగ్గులు, అంటే స్టార్ట్ చేసేముందు సిలిండర్ లోపల వేడి పుట్టించే చిన్న కడ్డీలు. నాలుగింట్లో రెండు పోయినా ఎండాకాలం తెలియదు, మన జైపూర్‌లో అసలు తెలియదు. భోగి ముందు రోజుల్లో సిమిలిగుడలో బయటపడుతుంది. ప్లగ్గు వైరు తీసి మల్టీమీటరుతో ప్లగ్గు కొనకీ ఇంజన్ బాడీకీ మధ్య చూడు. ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తే మంచిది, అసలు ఏమీ చూపించకపోతే చచ్చినట్టే. కొత్త బళ్లలో కొన్ని ప్లగ్గులు 12 వోల్టులకన్నా తక్కువకి చేసినవి ఉంటాయి, బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి ఎర్రబడుతుందా అని చూడకు, అక్కడికక్కడే కాలిపోతుంది. ప్లగ్గులు నాలుగూ బాగుంటే వాటి రిలేనీ ఫ్యూజునీ చూడాలి.

ప్లగ్గులు బాగుండి, పొగ లేకుండా చాలాసేపు తిరిగి అందుకుంటే రాత్రిపూట డీజిల్ వెనక్కి జారి లైనులో ఎయిర్ పడుతోందని అర్థం. చలికి రబ్బరు బిగుసుకుని పైపు చివర, ఫిల్టరు ఓరింగు దగ్గర సన్నని సందు ఏర్పడుతుంది. బయటికి ఒక్క చుక్క కూడా కారదు, లోపలికి గాలి మాత్రం పీల్చుకుంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టేముందు హ్యాండ్ ప్రైమరు (డీజిల్ లైనులో చేత్తో నొక్కే చిన్న పంపు) నొక్కి చూడు. మెత్తగా ఉండి, ఇరవై ముప్పై సార్లు నొక్కాక గట్టిపడి, అప్పుడు బండి వెంటనే అందుకుంటే జబ్బు దొరికినట్టే. పాత క్లిప్పులు, వాషర్లు మార్చు.

ఇంకో అనుమానం ఉంది, మన ప్రాంతంలో ఇది ఎక్కువ. ఇంట్లో డ్రమ్ములో డీజిల్ నిల్వ పెట్టుకుంటారా? డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికాలం కొబ్బరినూనె సీసా చూస్తాం కదా, ముందు మబ్బు కమ్మినట్టవుతుంది, తర్వాత రేణువులు కడుతుంది, చివరికి గడ్డ అవుతుంది. డీజిల్ దారీ అదే. ట్యాంకులో ఇంకా నీళ్లలాగే కదులుతుంటుంది, కానీ ఆ రేణువులు వెళ్లి ఫిల్టరు కాగితం మీద పేరుకుని దారి మూస్తాయి. ఫిల్టరులోంచి ఎంత చలిదాకా డీజిల్ దిగాలన్నది మన దేశపు ప్రమాణంలో కాలాన్ని బట్టి మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే దానికి ఆ హద్దు 6 డిగ్రీలు, మిగతా నెలల్లో అమ్మేదానికి 18 డిగ్రీలు. దసరాకి ముందు డ్రమ్ములో పోసిన డీజిల్‌ని జనవరిలో పొట్టంగి చలిలో వాడితే ఫిల్టరు పట్టేయడంలో వింత లేదు. బంకులో వచ్చే డీజిల్ తరచూ హద్దుకన్నా మెరుగ్గానే ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని పాత సరుకు వాడొద్దు. చలికాలం డ్రమ్ము ఖాళీగా ఉంచు, బంకులో తాజాగా పోయించు.

ఇప్పుడు కార్గిల్ సంగతికి వద్దాం.

మనం ఉండే సిమిలిగుడ సుమారు 900 మీటర్ల ఎత్తు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ 1,672 మీటర్లు. కార్గిల్ ఊరే 2,676 మీటర్లు, శ్రీనగర్ నుంచి అక్కడికి వెళ్లే దారిలో జోజిలా కనుమ 3,528 మీటర్లు. లేహ్ దగ్గర దగ్గర 3,500 మీటర్ల మీద ఉంటుంది, అక్కడ గాలి ఒత్తిడి మన విశాఖ ఒడ్డున ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. అంటే చలి ఒక్కటే కాదు, అదమడానికి గాలే తక్కువ. పుట్టే వేడి ఆ మేరకు ఇంకా తగ్గుతుంది. హీటర్ ప్లగ్గులు ఇక్కడ బాగుంటే మంచిది, అక్కడ బాగుండి తీరాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఇక్కడి డీజిల్ ట్యాంకు నిండా పట్టుకుని పైకి ఎక్కొద్దు. ఇంధనం మిగిలితే డబ్బు మిగులుతుందనుకుని మైదానంలోనే ఫుల్ చేయించుకుని వెళ్తారు మనవాళ్లు, మొదటి రాత్రే దెబ్బతింటారు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ వాళ్లు 2019 నవంబరులో ప్రత్యేకంగా చలికాలపు డీజిల్ తెచ్చారు, పానిపట్ రిఫైనరీలో తయారవుతుంది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పారే గుణం పోగొట్టుకోదు. నేను తోలిన రోజుల్లో ఇది లేదు, అందుకే ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నామో చెప్పలేను. నువ్వు ట్యాంకు పావు వంతుకి దించుకుని కొండెక్కు. పైన మొదట దొరికిన బంకులో చలికాలపు డీజిల్ అవునో కాదో అడిగి ఫుల్ చేయించు. తర్వాత ఓ పది కిలోమీటర్లయినా నడిపి గాని ఆపకు. ట్యాంకులో కొత్తది పోసినంత మాత్రాన చాలదు, పైపుల్లో, ఫిల్టరులో ఉన్న పాత డీజిల్ మొత్తం పోయి కొత్తది చేరాలి. అది చేయకుండా బంకు పక్కనే పడుకున్నవాళ్ల బళ్లు పొద్దున్న లేవకపోవడం కళ్లారా చూశాను.

ప్రతి సాయంత్రం ఆపేముందు ట్యాంకు నింపే అలవాటు చేసుకో. ఖాళీ జాగాలో ఉన్న గాలిలోని తేమ రాత్రికి నీరై డీజిల్లోకి దిగుతుంది. ఆ నీరు వాటర్ సెపరేటరులో (డీజిల్లోంచి నీటిని వేరుచేసే గిన్నె) గడ్డకడితే మైనం కట్టినదానికన్నా మొండిగా ఉంటుంది. ఇంజన్ వేడిగా ఉండగానే సెపరేటరు కింద స్క్రూ వదులు చేసి ఓ అరగ్లాసు దించేయి. రెండు నిమిషాల పని. పొద్దున్నయితే ఆ స్క్రూ కూడా తిరగదు.

మైనం కట్టకుండా పోసే మందులు సీసాల్లో దొరుకుతాయి. అవి పనిచేస్తాయి, కానీ మైనం కట్టకముందు, డీజిల్ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే, బంకులో డీజిల్ పోయించేముందు ట్యాంకులో వేయాలి. గడ్డకట్టాక పైనుంచి పోస్తే ఏ ప్రయోజనమూ ఉండదు. ఒకవేళ ఫిల్టరు పట్టేసిందే అనుకో, కొత్త ఫిల్టరు వేసుకోవడమే దారి. రెండు కొత్తవి ఎప్పుడూ బండిలో పెట్టుకో, రాత్రిపూట వాటిని బండిలో వదలకుండా నువ్వు పడుకునే గదిలో ఉంచుకో. ఫిల్టరు లేకపోతే గుడ్డను వేడినీళ్లలో ముంచి ఫిల్టరు చుట్టూ చుట్టు, నాలుగైదు సార్లు మార్చు, తర్వాత తుడిచి ఆరబెట్టు. వేడినీళ్లు పంపు మీదా సెన్సార్ల వైర్ల మీదా కుమ్మరించకు. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకి మించి కొట్టకు, మధ్యలో రెండు నిమిషాలు ఆగు.

ఇక కిరోసిన్. పాత లారీల పంపులు గట్టివి, వాటిలో కొద్దిగా కలిపి నడిపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ అనుభవంతోనే తర్వాత కామన్ రైల్ బండి కొన్నాక దాంట్లోనూ కలిపాను. ఆ చలికాలం బానే గడిచింది. ఎండాకాలం రాకముందే పంపు లోపల అరిగిపోయి, ఇనుప రజను నాజిళ్లలోకి చేరి, నాలుగు నాజిళ్లూ పంపూ అన్నీ మార్చాల్సి వచ్చింది. నీ బీఎస్6 బండీ కామన్ రైలే, అంటే అన్ని నాజిళ్లకీ ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందే రకం. దాంట్లో డీజిల్‌ని 1,600 బార్, ఆపైన ఒత్తిడికి ఎక్కిస్తారు. ఆ పంపుకి వేరే ఆయిల్ లేదు, డీజిలే దానికి కందెన. కిరోసిన్‌లో ఆ జిడ్డు లేదు. పైగా బీఎస్6 డీజిల్లో గంధకం పదిలక్షల పాళ్లలో 10కి మించకూడదు, రేషను కిరోసిన్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, అది పొగ గొట్టంలో ఉన్న ఖరీదైన సామానంతా పాడుచేస్తుంది. వారంటీ పోతుంది, కల్తీ చేసినట్టు కేసు కూడా అవుతుంది. కలపొద్దు. పెట్రోలు అయితే దాని ఊసే వద్దు, డీజిల్ ట్యాంకుని అగ్గిపెట్టె చేసుకున్నట్టే.

బ్యాటరీ గురించి నిదానంగా చెప్తాను, చలిలో సగం కష్టాలు అక్కడే. మైనస్ 18 దగ్గర బ్యాటరీకి ఇక్కడున్న సత్తాలో సగం కూడా ఉండదు, అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజన్‌ని తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఇక్కడే మార్చుకుని వెళ్లు. కొత్తది కొనేటప్పుడు బాక్సులో ఎంత పెద్దది పడితే అంత పెద్దది తీసుకో. రాత్రి బండి ఆపిన రెండు గంటల తర్వాత మీటరు పెట్టి చూడు: 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉంది, 12.2 ఉంటే సగమే ఉంది. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 50 దాకా గడ్డకట్టదు. ఖాళీ అయిపోయినది మైనస్ 8, 10 దగ్గరే మంచుగడ్డ అయి డబ్బా పగిలిపోతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి పక్క బండి నుంచి వైర్లు వేయకు, చార్జింగ్ పెట్టకు, పేలే ప్రమాదం ఉంది. ముందు గదిలోకి తెచ్చి కరగనిచ్చి, డబ్బా పగల్లేదని చూసుకున్నాకే చార్జింగ్. మరీ చలి ఉన్న రాత్రులు నేను బ్యాటరీ విప్పి పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ని. బీఎస్6 బండిలో బ్యాటరీ తీస్తే కంప్యూటరు సెట్టింగులు పోతాయేమోనని భయపడే కుర్రాళ్లున్నారు. తాళం తీసేశాక ఐదు నిమిషాలు ఆగి తీస్తే మామూలుగా పెద్ద ఇబ్బంది రాదు, గడియారం టైములాంటివి మళ్లీ పెట్టుకోవాలి.

ఇంజన్ ఆయిల్ మనం ఇక్కడ 15డబ్ల్యూ-40 వాడతాం. ఆ 15 అంకె చలికి సంబంధించింది. ఆ రకం మైనస్ 20 దగ్గర ఇంజన్‌ని తిరగనిస్తుందా అని పరీక్షించి అమ్ముతారు, అంతకు దిగితే ముదురు బెల్లం పాకమే. 5డబ్ల్యూ అయితే ఆ పరీక్ష మైనస్ 30 దగ్గర. బండి పుస్తకంలో రాసిన గ్రేడుల్లో 5డబ్ల్యూ ఉంటే వెళ్లేముందే మార్చుకో, పొగ ఫిల్టరు (పొగ గొట్టంలో మసిని పట్టేది) ఉన్న బండికి సరిపడే రకమేనా అని డబ్బా మీద చూసుకో.

కూలెంట్ విషయంలో మన ప్రాంతంలో నిర్లక్ష్యం ఎక్కువ. రేడియేటరులో కారితే కుళాయి నీళ్లు పోస్తూ పోతారు, ఇక్కడ ఏమీ కాదు. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఇనుప బ్లాకు కూడా ఆగదు. పూర్తిగా దించేసి నీళ్లు కలపని గాఢ కూలెంట్ సగం, డిస్టిల్డ్ నీళ్లు సగం కలిపి పోయి. ఆ పాళ్లకి మైనస్ 37 దాకా గడ్డకట్టదు. గాఢత ఎక్కువైతే ఇంకా మంచిదనుకుని నీళ్లు లేకుండా పోసేవాళ్లున్నారు. కూలెంట్‌లో అసలు సరుకైన గ్లైకాల్ ఉత్తదైతే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ముందే కలిపిన కూలెంట్ కొంటే ఎంత చలి దాకా పనికొస్తుందో డబ్బా మీద చదువు, రాసి లేకపోతే వద్దు.

నీ బండికి డెఫ్ (పొగని శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రవం) ట్యాంకు ఉంటే దాంట్లోది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. కంగారు పడకు. ఇంజన్ స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ట్యాంకులో ఉన్న హీటరు దాన్ని కరిగిస్తుంది. ఉబ్బడానికి జాగా ఉండేలా అంచుదాకా నింపకు, కరగడానికని వేడినీళ్లో మరేదో దాంట్లో కలపకు.

రాత్రి బండి ఎంత మంచి చోట ఆపితే పొద్దున్న పని అంత సులువు. గాలి అడ్డంగా కొట్టని గోడ చాటున, ముందు భాగం తూర్పుకి పెట్టి ఆపు. బానెట్ మీద మందపాటి దుప్పటి కప్పి, పైన టార్పాలిన్ వేయి. వాగు దాటి వచ్చిన రోజు హ్యాండ్ బ్రేకు లాగకు, లైనింగు డ్రమ్ముకి గడ్డకట్టి పట్టేస్తుంది. గేరులో వేసి చక్రాలకి రాళ్లు పెట్టు. ఎయిర్ బ్రేకు ఉన్న లారీల వాళ్లయితే సాయంత్రం ఎయిర్ ట్యాంకుల నీళ్లు తప్పకుండా వదలాలి. పొద్దున్న తాళం తిప్పి హీటర్ గుర్తు ఆరేదాకా ఆగు, మళ్లీ ఆపి రెండోసారి అలాగే చేసి, అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టు. అందుకున్నాక వెంటనే రేసు చేయకు, నెమ్మదిగా కదులు. రేడియేటరు ముందు సగం అట్టముక్క పెడితే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కిన డీజిల్ తిరుగు పైపు ద్వారా ట్యాంకులోకి వచ్చి అక్కడున్న దాన్నీ కాపాడుతుంది. మీటరు చూస్తూ ఉండు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ అట్ట తీసేయాలి.

స్ప్రే డబ్బా కొట్టి స్టార్ట్ చేస్తామని అక్కడ ఎవరో ఒకరు వస్తారు. హీటర్ ప్లగ్గు ఎర్రగా కాలి ఉన్న ఇంజన్లో ఆ ఈథర్ (ఇట్టే అంటుకునే రసాయనం) స్ప్రే కొడితే లోపల పేలి పిస్టన్ రింగులు విరుగుతాయి. రానివ్వకు. ట్యాంకు కిందా ఆయిల్ సంపు కిందా స్టవ్వు పెట్టి వేడి చేసేవాళ్లనీ చూస్తావు. ఒక పొద్దున్న నా ముందు నిలబెట్టిన లారీ అలాగే తగలబడింది, డ్రైవరు చేతులు కాలాయి.

రాత్రంతా ఇంజన్ ఆపకుండా ఉంచితే పోదా అని నువ్వు అడగలేదు కానీ అక్కడికెళ్లాక అందరూ అదే చెప్తారు. పాత బళ్లలో గత్యంతరం లేక చేశాం. నీ బండికి మంచిది కాదు. ఐడిల్‌లో ఇంజన్ వేడెక్కదు, సగం మండిన మసి పొగ ఫిల్టరులో పేరుకుంటుంది, డీజిల్ కారి ఆయిల్లో కలుస్తుంది. అది బండి సంగతి. మనిషి సంగతి అంతకన్నా పెద్దది.

రెండో చలికాలంలో మాతో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఉండేవారు. ఒక రాత్రి కేబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని అద్దాలు బిగించి పడుకున్నారు. తెల్లవారుజామున నేను లేచి డీజిల్ లైను చూసుకుంటుంటే వాళ్ల బండి నుంచి చప్పుడు లేదు. తలుపు కొడితే పలకలేదు. అద్దం పగలగొట్టి బయటికి లాగాం. ఒకడు గంటకి లేచాడు, రెండోవాడికి వారం ఆసుపత్రి. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరు చెప్పాడు. బొగ్గు నుంచి వచ్చే ఆ విషవాయువుకి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే తీసుకుపోతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకున్నా, మంచు పేరుకుని పొగ గొట్టం మూసుకుపోతే అదే వాయువు కేబిన్‌లోకి వస్తుంది. బండిలో పడుకోవాల్సి వస్తే మంచి స్లీపింగ్ బ్యాగు కొనుక్కో, అద్దం రెండు వేళ్లంత తెరిచి ఉంచు, నిప్పు లోపలికి తేకు. నీతో వచ్చే క్లీనరు కుర్రాడికి ఈ ఒక్క సంగతీ ఒడియాలోనో తెలుగులోనో వాడికి అర్థమయ్యే భాషలో, బయల్దేరకముందే కూర్చోబెట్టి చెప్పు.